వాత పెట్టనియ్యలేదు

నైజాం పాలన చివరి రోజులవి. సిద్దిపేట దగ్గర ఒక పల్లె మాది. నేను అప్పటికే ముగ్గురు పిల్లల తల్లిని. మా ఆయన తాళ్లు గీసి కల్లు దించేవాడు.

మొదట్లో ఎప్పుడైనా నూనె వంటలు తింటే కుడి డొక్కలో నొప్పి వచ్చి, కాసేపటికి పోయేది. ఏళ్లు గడిచేసరికి జొన్న గటక తాగినా మెలిపెట్టేది, వీపు దాకా పాకేది. అత్తమ్మ వాము నమలమనేది. చివరికి చలిజ్వరం వచ్చి కళ్లు పచ్చబడ్డాయి.

"కామెర్లు. వాత పెడితే పోతయి," అని అత్తమ్మ వాతలు పెట్టేవాణ్ని పిలిపించింది. ఆడబిడ్డలిద్దరూ నా చేతులు పట్టుకున్నారు. ఎర్రగా కాలిన కడ్డీ పొట్ట మీదికి వస్తుంటే నాకెక్కడ లేని బలమొచ్చింది. అతని చేతిని కాలితో తన్నాను. కడ్డీ ఎగిరి వాకిట్లో పడింది.

"లోపలి నొప్పికి తోలు కాలిస్తే ఏమొస్తది? నేను పట్నం దవాఖానకు పోత!" అన్నాను.

"ఆడిదాని కడుపు కోయిస్తవారా? మన ఇజ్జత్ ఉంటదా?" అని అత్తమ్మ మా ఆయన మీద అరిచింది.

నేను ఒక్కదాన్నే బస్సు దారి పట్టాను. కొంత దూరం పోయాక వెనక నుంచి ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"ఆగే, నేను గూడ వస్తున్న."

పట్నంలో డాక్టరమ్మ ఆపరేషన్ చేసి, పిత్తాశయంలోంచి తీసిన రాళ్లు చూపించింది. ఒకటి జారి పైత్యం దారికి అడ్డం పడిందట. ఇంకొన్నాళ్లు ఆగితే లోపల చీముపట్టి ప్రాణం పోయేదట.

నేను నొప్పి ఓర్చుకున్నన్నాళ్లూ అందరూ మెచ్చుకున్నారు. లోపల రాళ్లు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.

ఇంటికొచ్చాక కుట్ల మచ్చను కొంగుతో కప్పుకోమంది అత్తమ్మ. నేను కప్పుకోలేదు. డొక్కలో నొప్పి అంటూ ఏ ఆడమనిషి వచ్చినా ఇప్పటికీ చూపిస్తాను.