అరవైనాలుగు అడుగులు, ఒక టేపు ముక్క

మొన్న జీపీ సర్జరీలో, అదే మా డాక్టరుగారి క్లినిక్‌లో, నర్సమ్మ నేను తూలకుండా నడవగలనో లేదో చూడాలని, నేలమీద అతికించిన టేపు వెంబడి మడమకు బొటనవేలు ఆనిస్తూ నడవమంది. నడుస్తూ నాకు తెలియకుండానే ఈన్, దై, త్రీ, పెద్వర్, పింప్ అని పైకే లెక్కపెట్టానట. మీ మాతృభాషా అని అడిగింది. బయట ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు కదా అని అవునన్నాను. నిజానికి అది వెల్ష్, వేల్స్ వాళ్ళ భాష. అందులో నాకు అరవైనాలుగు దాకానే వచ్చు. అరవైఐదుతో ఎన్నడూ పని పడలేదు.

నేర్పింది 2010 ప్రాంతంలో షెఫీల్డ్‌లో మా వెనక గదిలో అద్దెకున్న వెల్ష్ అమ్మాయి. చదువుకోవడానికి వచ్చిందని చెప్పేవారు గాని, ఆమె ప్రాణమంతా హైజంప్ మీదే. మా ఆవిడను ఆంటీ అని, నన్ను అంకుల్ అని పిలుస్తూ, చారన్నం తినడం మాకంటే శ్రద్ధగా నేర్చుకుంది. బరువు పెరుగుతానని రెండోసారి వద్దంటే, నాలుగు మెతుకులకే నేలకు అతుక్కుపోతావా తల్లీ అని మా ఆవిడ తెలుగులోనే మందలించేది. ఆ పిల్లకు భాష అర్థమయ్యేది కాదు, గరిటె అర్థమయ్యేది.

హాస్పిటల్లో నా డ్యూటీల రోటా ఒప్పుకున్న ఆదివారాల్లో కారులో ట్రాక్‌కు దించేవాణ్ణి. ఈ దేశంలో ఊరికే నిలబడ్డ మనిషికి వెంటనే వాలంటీర్లు వేసుకునే మెరిసే జాకెట్ ఒకటి తొడుగుతారు. అలా ఎగిరేవాళ్ళు తగిలి కిందపడ్డ బార్‌ను తిరిగి స్తంభాల పైన పెట్టే ఉద్యోగం నాకు దక్కింది. జీతం లేదు, టీ ఇచ్చేవారు. ఆమె మాత్రం ప్రతిసారీ స్తంభం దగ్గర మొదలుపెట్టి, మడమకు బొటనవేలు ఆనిస్తూ, వెల్ష్‌లో లెక్కపెట్టుకుంటూ అరవైనాలుగు అడుగులు కొలిచి, పరుగు మొదలుపెట్టే చోట టేపు ముక్క అతికించేది. అర అడుగు అటూ ఇటూ అయినా బార్ ఊరుకోదు.

వేల్స్ జట్టుకు ఎంపిక చేసే పోటీ రోజున ఆమె తెల్ల టేపు అయిపోయింది. మా ఆవిడ ఇండియా నుంచి వచ్చిన ఆవకాయ సీసాలకు మళ్ళీ సీలు వేసే గోధుమరంగు టేపును ఆ పిల్ల తీసుకెళ్ళింది. ఎంపిక కావలసిన ఎత్తు దగ్గర రెండుసార్లు బార్ పడింది, మిగిలింది ఒక్క అవకాశం. ఓడిపోయినవాళ్ళ టేపులు తీసేయమని పోటీ నడిపే పెద్దాయనెవరో చెప్పగా, తెల్ల ముక్కల మధ్య ఆ గోధుమరంగుది చూసి ఎవరో పారేసిన చెత్త అనుకుని పీకి ఉండచుట్టాను. పదేళ్ళుగా మా వంటింట్లో ఉన్న టేపును నేనే గుర్తుపట్టలేదు.

ఆమె వచ్చి నేలను, తరువాత నా గుప్పిటను చూసింది. ఎగరడానికి ఇచ్చే నిమిషం గడువు నడుస్తూనే ఉంది. గబగబా మళ్ళీ అడుగులు కొలిచింది, పెదవులు కదులుతున్నాయి, నావీ కదులుతున్నాయి. ఆఖరి క్షణాల్లో పరుగెత్తి ఎగిరింది. నడుము దాటింది. మడమ తగిలి బార్ కాసేపు ఆలోచించి కిందపడింది. దాన్ని ఎత్తి పెట్టవలసింది మళ్ళీ నేనే.

తప్పు నాదని పెద్దాయనకు చెబితే ఇంకో అవకాశం ఇచ్చేవారేమో. నేను చెప్పడానికి వెళ్ళబోతుంటే ఆమె నా జాకెట్ పట్టుకుని ఆపింది.

“వద్దు అంకుల్. చెబితే మిమ్మల్ని పంపించేస్తారు. వచ్చే ఏడాది నాకు బార్ ఎవరు పెడతారు?”

ఇంట్లో మా ఆవిడ అడిగితే కాలు సహకరించలేదంది. నిజం నేనే వారం తరువాత చెప్పాను. ఆ వారం నాకు చారు రుచించలేదు. చెప్పాక మరో వారం చారే దొరకలేదు.

మరుసటి వేసవిలో అదే ఎత్తు మొదటి ప్రయత్నంలోనే దాటింది. గోధుమరంగు టేపు అడిగి మరీ పట్టుకెళ్ళింది. ఆరేడేళ్ళు ఎర్ర బనియన్ వేసుకుని వేల్స్ తరఫున ఎగిరి, మోకాలు ఇక చాలన్నాక, ఇప్పుడు తన ఊళ్ళో బడిపిల్లలకు ఎగరడం నేర్పుతోంది. ట్రాక్‌లో ఇప్పుడు పొడవాటి కొలత టేపులు పరుస్తున్నారట, పని త్వరగా అవుతుంది. తన కాలితో తనే కొలుచుకుంటూ పెదవులు కదిపేవాళ్ళు తగ్గారు. వెనక గది ఖాళీగానే ఉంది.

అంతా బాగానే ఉందని నర్సమ్మ రాసుకుంది. తిరిగి వస్తూ చూస్తే నేలమీది టేపు అంచు లేచి ఉంది. ఒకప్పుడైతే పీకేసేవాణ్ణి. మోకాలు గొణుగుతున్నా వంగి, బొటనవేలితో గట్టిగా నొక్కి అతికించి వచ్చాను.