ఊపిరికి కాస్త కరెంటు

నల్లగొండలో ఒక దవాఖానలో ఫిజియోథెరపిస్టుగా చేరిన కొత్తలో, మోత్కూర్ నేతకారుడొకాయన నా వంతుకు వచ్చాడు. నిమోనియా తగ్గింది కానీ, వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉండడంతో ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండి ఊపిరి తీసే కండరం నీరసించింది. మిషన్ సాయం తగ్గిస్తే చాలు, ఆయాసపడుతున్నాడు. మెడ మీద ప్యాడ్లు అంటించి, ఆ కండరాన్ని కదిలించే నరానికి సన్నగా కరెంటు ఇద్దామన్నారు మా డాక్టర్.

ఆ మాట వినగానే ఆయన భార్య మంచానికి అడ్డంగా నిలబడింది. "మనిషికి కరెంటు పెడ్తరా బిడ్డా?"

నేను ప్యాడ్లు నా ముంజేతికి అంటించుకుని స్విచ్ వేశాను. నా వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. ఆమె వంగి చూసి, "జర నాక్కూడ పెట్టు" అని చేయి చాపింది. తన వేళ్లు కదలగానే పకపకా నవ్వింది. "చీమలు పాకినట్టుంది గంతే! పెట్టు, ఫికర్ లేదు."

ఆయన కూడా తలూపాడు. కరెంటు అందగానే పొట్ట మెల్లగా పైకి లేచింది. "లేస్తాంది, లేస్తాంది!" అని ఆమె నా భుజం పట్టి ఊపేసింది.

రోజూ రెండు పూటలా అలా చేస్తూ, మిషన్ సాయం కొద్దికొద్దిగా తగ్గించాం. చివరికి గొట్టం తీసిన మర్నాడు ఆయనకు గొంతు పెగిలింది.

"నా మగ్గం ఎవ్వలన్న ముట్టిన్రా?"

"మీ చెల్లె నేస్తాంది" అంది భార్య.

"దానికి పోగులు అతుకుడు రాదు, చీరంత ఖరాబు చేస్తది, జల్ది నన్ను ఇంటికి తోల్కపో!"

"ఊపిరొచ్చిందో లేదో, వంకలు పెడ్తాండు" అని ఆమె నవ్వింది. నేను మాత్రం, అంత పొడుగు మాట ఆయన ఒక్క ఊపిరిలో అన్నందుకు మురిసిపోయాను.