కుడి తలుపు స్పీకరు

మా కారు మా దగ్గరికి వచ్చేసరికే రెండు చేతులు మారింది. మొదటి యజమాని డిక్కీలో ఒక నిమ్మకాయ వదిలిపోయాడు. రెండో ఆయన స్టీరియో వదిలిపోయాడు. రెండింటిలో నిమ్మకాయే కాస్త నయంగా ఉండేది.

కిందటేడు జీతం పెంచినట్టు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఆ పెంపుతో కారు మార్చలేం, ఇల్లు మార్చలేం. స్టీరియో మాత్రం మార్చుకోవచ్చనిపించింది. ఆ మాటే నా భార్యతో అన్నాను.

"మాట్లాడుకునే చోట పాటలెందుకబ్బా?" అంది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. మాది కర్నూలు వైపు. ఉండేది హఫీజ్‌పేట్‌లో, ఉద్యోగాలు నానక్‌రామ్‌గూడలో పక్కపక్క భవనాల్లో. ఇంటికి రాగానే ఆమె అమెరికా కాల్స్ ఆమెవి, నా కాల్స్ నావి. ఇద్దరం హెడ్‌సెట్లు తగిలించుకుని సైగలతో కూర వడ్డించుకుంటాం. ఆమెది రెండు చెవుల హెడ్‌సెట్, నాది ఎడమ చెవికి తగిలించుకునే ఒంటి చెవి రకం. కాబట్టి మా సంసారమంతా పొద్దునా సాయంత్రం కారులోనే జరిగేది. మా అత్తగారి మోకాలినొప్పి, వెళ్లక తప్పని పెళ్లిళ్లు, అలగాల్సిన చుట్టాలు, అన్నీ ఆ దారిలోనే తేలాలి. కొత్తగూడ దగ్గర బండ్లు ఆగిపోతే నేను పైకి విసుక్కునేవాణ్ణి, లోపల సంతోషపడేవాణ్ణి. నాకు రోజు మొత్తంలో ఇష్టమైన సమయం అదొక్కటే.

అయినా పట్టిన పట్టు విడవలేదు. హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర గల్లీలో కారు సామాన్ల దుకాణం ఒకటి ఉంది. యజమాని నడివయసు మనిషి. నా బడ్జెట్ విని ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

"గంతల్నే చేద్దాం సార్, ఫికర్ చేయకుండ్రి. స్టీరియో ఒకటి, ముందల డోర్లకు రెండు స్పీకర్లు. ఎనకాలయి ఎవరింటరు?"

బిగించాక డ్రైవరు సీట్లో కూర్చుని పాట పెట్టాను. బాగుంది. కానీ పాటంతా ఎడమ తలుపులోంచే వస్తోంది. నా మోకాలి పక్కనే ఉన్న కుడి తలుపు స్పీకరు మూగగా ఉంది. ఆయన్ని పిలిచి నా సీట్లో కూర్చోబెట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు.

"మస్తుగుంది సార్. రెండు దిక్కుల్ల ఒక్కతీర్గనే వస్తుంది."

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నేను టెస్టర్ని. పరాయివాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడానికి నాకు జీతమిస్తారు. తప్పు చూపించగానే రాసినవాడు అనే మొదటి మాట "నా సిస్టంలో బాగానే పనిచేస్తోంది" అని. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇన్నేళ్ల సర్వీసులో ఆ మాట నమ్మి నేను వదిలేసిన తప్పు ఒక్కటీ లేదు. దుకాణం ఆయన్ని కూడా నమ్మలేదు.

పద్ధతిగా మొదలుపెట్టాను. కుడి స్పీకరు ఎడమకు, ఎడమది కుడికి మార్పించాను. పాట ఎడమ నుంచే వచ్చింది. అంటే స్పీకరు తప్పు కాదు. వైర్లు తారుమారు చేయించాను. ఎడమ నుంచే. వైరు తప్పూ కాదు. స్టీరియో మార్పించాను. ఎడమ నుంచే. స్పీకరు మీద చెయ్యి పెడితే వణుకుతోంది, అంటే పని చేస్తోంది, కానీ పలకడం లేదు. ఇలాంటి తప్పు ఆఫీసులో దొరికితే పది మందిని పిలిచి మీటింగు పెట్టేవాణ్ణి. అన్నట్టు మీటింగుల్లో నేను ఎప్పుడూ కుడి చివరి కుర్చీలోనే కూర్చుంటాను. తలుపు అటే ఉంటుంది, తొందరగా బయటపడొచ్చని.

బేరం పోగొట్టుకోవడం ఇష్టంలేక దుకాణం ఆయన నాతో వాదించడం మానేశాడు. "డోరు లోపట ఖాళీ ఉంటది సార్. సౌండ్ అండ్లనే పోతుండొచ్చు. షీటు ఏద్దాం, జర గట్టిపడ్తది" అన్నాడు.

రెండు తలుపులకూ మందపాటి షీట్లు వేయించే స్తోమత లేదు. తప్పు కుడి పక్క ఉంది కదా అని కుడి తలుపుకే వేయించాను. అప్పట్నుంచి మా కారు కుడి తలుపు వేస్తే పెద్దింటి బండిలా బరువుగా పడుతుంది. ఎడమ తలుపు మురుకుల డబ్బా మూతలా గలగలమంటుంది. పాట మాత్రం ఎడమ నుంచే వచ్చింది. చివరికి స్టీరియోలో బ్యాలెన్సు పూర్తిగా కుడికి తిప్పేశాను.

"నా పక్క ఏమీ వినపడ్డంలే" అంది నా భార్య.

"పని జరుగుతోంది" అన్నాను. ఆఫీసులో అందరితోనూ అనే మాటే.

ఒక పొద్దున ఆఫీసులో ఏదో ప్రోగ్రాము కుప్పకూలింది. దారిలోనే చూడమన్నారు. నా భార్య కారు నడిపింది. నేను ఎడమ సీట్లో ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. నా పక్క అద్దం సగం దించి ఉంది, రోడ్డు హోరులో పాట సన్నగా మోగుతోంది. కొండాపూర్ దాటాక ఒకసారి తల ఎత్తి చూస్తే ఆమె కళ్లు తుడుచుకుంటోంది. ఎదురెండ అనుకున్నాను. గేటు దగ్గర నన్ను దింపి, కాసేపు నా ముఖంలోకి చూసి, పార్కింగులోకి వెళ్లిపోయింది.

సాయంత్రం కారు నేను నడిపాను. గచ్చిబౌలి దాకా ఆమె నోరు విప్పలేదు. అలాంటిది ఎప్పుడూ లేదు. ఆ తర్వాత అంది: "పొద్దున అడిగితే పలకకపోతివి. నీకు ఇష్టం లేదని అర్థమైందిలే. మానను."

"ఏం మానవు?"

"ఎగతాళా? ఉద్యోగం మానేస్తా, ఏమంటావని అడిగితి గదా. ఇంటికాన్నుంచి ఆఫీసు గేటు దాకా అదే చెప్తి. ఆ కాల్స్‌లో నా గొంతు ఎవరిదో అనిపిస్తాంది, నా వల్ల కాదబ్బా అని ఏడిస్తి. నీ పక్కనే గదా కూర్చోనింటి."

నా పక్కనే. కుడి పక్కన.

సిగ్నలు పడింది. నేను చూపుడువేలుతో ఎడమ చెవి మూసుకున్నాను. పాట పోయింది. వెనకవాడి హారన్ పోయింది. నా భార్య పెదవులు కదులుతున్నాయి. ఆమె బాగా కోపంగా ఉంది. ఏమంటోందో ఒక్క ముక్క తెలియలేదు.

వేలు తీసి "మళ్లీ చెప్పు, మొదట్నుంచి" అన్నాను. స్టీరియో ఆపేశాను.

చెవుల డాక్టరు ఆ వారమే చూశాడు. కుడి చెవి నరం కొన్నేళ్లుగా నెమ్మదిగా పోతూ వచ్చిందట. ఎడమ చెవి బాగుండడం వల్ల తెలియలేదట, ఇక తిరిగి రాదట. డ్రైవరు సీట్లో కూర్చున్నన్నాళ్లూ ఆమె నా మంచి చెవి పక్కనే ఉంది. అందుకే ఇద్దరికీ ఏ లోటూ కనపడలేదు. ఆ మాట ఆయన చెప్పలేదు, నేనే లెక్కవేసుకున్నాను.

స్టీరియో ఆపేసిన ఆ సాయంత్రం ఆమె చెప్పిందంతా విన్నాను. హఫీజ్‌పేట్ వచ్చినా ఇంటి దగ్గర ఆపకుండా ముందుకు పోనిచ్చాను. అంతా అయ్యాక "మానెయ్" అన్నాను. నిజంగానే అన్నాను. మనసులో మాత్రం కొత్తగూడ దగ్గర ఆగిపోయే మా కారు మెదిలింది. అది ఆమెకు చెప్పలేదు.

ఆమె ఉద్యోగం మానేసింది. ముఖం తేటపడింది, మధ్యాహ్నాలు నిద్రపోతోంది. రాత్రి భోజనానికి నాకు ఎడమ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.

కొన్ని నెలలు దాచిన డబ్బుతో ఎడమ తలుపుకు కూడా షీటు వేయించాను. "ఇప్పుడు సెట్టయింది సార్" అన్నాడు దుకాణం ఆయన. నిజమే. బయటి చప్పుడు లోపలికి రావడం లేదు. బ్యాలెన్సు మధ్యలో పెట్టాను. పొద్దున్నే ఒక్కణ్ణే నానక్‌రామ్‌గూడకు బయలుదేరుతాను, కొత్తగూడ దగ్గర బండ్లు ఆగిపోతే ఇప్పుడు నిజంగానే విసుక్కుంటాను. పాట పెడతాను. అంతా ఎడమ పక్క నుంచే వస్తుంది. అలవాటుగా అటు తిరుగుతాను, సీటు ఖాళీగా ఉంటుంది.