వెనక్కి నడవని ముహూర్తం బండి

2023 వర్షాకాలంలో నన్ను అమలాపురం స్టాఫ్ రిపోర్టర్‌గా వేశారు. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. మా పత్రికలో మండలానికొక కంట్రిబ్యూటర్ ఉంటాడు. ఊళ్లో జరిగింది జరిగినట్టు రాసి పంపడం అతని పని. స్టాఫ్ రిపోర్టర్ ఆ పై మెట్టు. కంట్రిబ్యూటర్లు పంపినవి సరిచూడాలి, పెద్ద వార్తలకు స్వయంగా వెళ్లాలి, అన్నిటినీ సాయంత్రానికి రాజమహేంద్రవరంలోని ఎడిషన్ డెస్కుకు చేర్చాలి.

వీటితో పాటు నాకు ‘కొనే ముందు’ అనే శీర్షిక కూడా అంటగట్టారు. ప్రతి బుధవారం జిల్లా పేజీలో వచ్చేది. మిక్సీ కొన్నా, ఇన్వర్టర్ కొన్నా, పాడి గేదె కొన్నా మోసపోకుండా ఏం చూసుకోవాలో పాఠకులకు చెప్పడం దాని ఉద్దేశం. గేదె గురించి రాసిన వారం వచ్చినన్ని ఫోన్లు నా సర్వీసులో ఏ కుంభకోణానికీ రాలేదు. ఎడిషన్ ఇన్‌చార్జి మూర్తి గారు, అంటే మా పేజీల మంచిచెడ్డలకు బాధ్యుడైన అధికారి, నాకు ఒకే షరతు పెట్టారు. ఈ శీర్షిక రాసేవాడు బజారులో మోసపోకూడదు. పోతే శీర్షిక ఎత్తేస్తారు.

అప్పటివరకు మోటారుసైకిలు మీదే తిరిగేవాణ్ని. ఆ ఏడు వానలకు ఏటిగట్ల మీద నేనూ బండీ కలిసి జారిన సందర్భాలు రెండు మూడు ఉన్నాయి. మా ఆవిడ సుభద్ర నా మోకాళ్లకు కొబ్బరినూనె మర్దనా చేసి చేసి విసిగిపోయి, ఏదో ఒక పాత కారు కొనమంది. పాత కార్లు ఎలా కొనాలో ‘కొనే ముందు’లో అంతకు నెల ముందే రాశాను. కాబట్టి ధైర్యంగా బయల్దేరాను.

కొత్తపేట వెళ్లే దారిలో, కాలువ అవతల, పాత కార్ల షోరూం ఒకటుండేది. ఒకప్పుడు కొబ్బరికాయలు వలిచిన కళ్లం అది. రోడ్డు నుంచి లోపలికి వెళ్లాలంటే కాలువ మీద ఒక్క కారు పట్టే కల్వర్టు దాటాలి. యజమాని సత్తిబాబు. ఇస్త్రీ చెడని తెల్లచొక్కా, చేతులు కట్టుకుని నిలబడే వినయం. నేను అడుగు పెట్టగానే గోడ చూపించాడు. పాత కార్ల గురించి నేను రాసిన వ్యాసం ఫ్రేములో ఉంది. దానికి రోజూ పూలదండ కూడా మారుస్తున్నట్టుంది.

“మీరు రాసిన కాణ్ణుంచి మాకదే భగవద్గీతండీ. ప్రతి బండీ ఆ ప్రకారవే చూసి తెస్తన్నాం, ఆయ్.”

ఎంత అనుభవమున్న విలేకరికైనా తన వ్యాసం ఫ్రేములో కనిపిస్తే ప్రశ్నలు తగ్గుతాయి. అయినా పద్ధతి తప్పలేదు. మ్యాట్లు ఎత్తి చూశాను. వరదలో మునిగిన బండి అయితే సీటు కింద గోదావరి ఒండ్రు దొరుకుతుంది. దొరకలేదు. ఆయిల్ చూశాను, టైర్లు చూశాను, తలుపులన్నీ వేసి తీసి చూశాను. డిక్కీలో ముక్కు పెట్టి వాసన కూడా చూశాను. ప్రతిదానికీ సత్తిబాబు “ఆయ్” అన్నాడు. తర్వాత నడిపి చూశాను. కల్వర్టు దాటి, కొత్తపేట దాకా వెళ్లి, తిరిగి లోపలికి వచ్చి, కళ్లం మధ్యలో మిగిలిన కొబ్బరిపీచు గుట్ట చుట్టూ తిరిగి, బయల్దేరిన చోటే ఆగాను. బండి వెన్నలా నడిచింది.

కొన్న రోజున పంతులు గారు షోరూంకే వచ్చి పూజ చేశారు. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు. నిమ్మకాయలు నలిగాక సత్తిబాబు కిటికీ దగ్గరికి వంగి, గొంతు తగ్గించి చెప్పాడు.

“సార్, ముహూర్తం బండండీ. పక్షం దాకా వెనక్కి తియ్యకూడదు. ముందుకే ఎళ్లాలి.”

మాకు ఇలాంటివి కొత్త కాదు. మంచి పనికి బయల్దేరినవాణ్ని వెనక్కి పిలవం. “ఎక్కడికి” అని కూడా అడగం. కాబట్టి ఆ మాట నాకు ఆచారంగానే వినిపించింది. అటు నుంచి అటే ఐనవిల్లి వెళ్లి సిద్ధి వినాయకుడికి కొబ్బరికాయ కొట్టి, ఇంటికొచ్చి, బండిని పోర్టికోలోకి నేరుగా ఎక్కించాను.

మర్నాడు ఉదయం అది బయటికి రాలేదు.

రివర్స్ గేరు పడింది. ఇంజను గుర్రుమంది. బండి మాత్రం ఉన్నచోటే ఉంది. సుభద్ర వెనక గేటు దగ్గర నిలబడి రెండు చేతులూ ఊపుతూ “రండి, రండి” అంటోంది. నేను రాకపోయేసరికి “పడుకుందా ఏంటి?” అంది. చివరికి ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్లు బానెట్ మీద చేతులు వేసి వీధిలోకి తోశారు.

సత్తిబాబుకు ఫోన్ చేశాను.

“అయ్యో, వెనక్కి తీసేరాండీ?” అన్నాడు, ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందని విన్నట్టు. “చెప్పేను కదండీ తియ్యొద్దని. అందుకేనండీ అలాగయ్యింది.”

తప్పు నాదే అని తేలింది. అంత మర్యాదగా తేల్చాక కోప్పడటానికి కూడా సందు దొరకలేదు. పైగా గట్టిగా అడిగితే ఊరికి తెలుస్తుంది. ఊరికి తెలిస్తే మూర్తి గారికి తెలుస్తుంది. పోర్టికోలోకి పోవడం మానేసి బండిని వీధిలోనే, ముందు ఖాళీ ఉన్నచోట చూసి, ఆపడం మొదలుపెట్టాను.

ఆ తర్వాతి రోజుల్లో నేను చేసిన వార్తాసేకరణ పత్రికా చరిత్రలో ఎవరూ చేసి ఉండరు. ఒక ఊరికి వెళ్లాలంటే ముందు అక్కడ ఏం జరిగిందని కాదు, ఆ రోడ్డు ఇంకో రోడ్డులో కలుస్తుందా అని చూసుకునేవాణ్ని. కలిస్తే వెళ్లేవాణ్ని. ఊరితోనే రోడ్డు ఆగిపోతే కంట్రిబ్యూటర్‌కు అప్పగించేవాణ్ని. కాలువగట్టు మీద ఎదురుగా ట్రాక్టరు వస్తే తల బయటికి పెట్టి నమస్కారం చేసేవాణ్ని. ట్రాక్టరు వాళ్లు మంచివాళ్లు, వాళ్లే వెనక్కి వెళ్లేవారు. పది రోజులకు మూర్తి గారు ఫోన్ చేసి, చివరి ఊళ్ల వార్తలు బొత్తిగా రావడం లేదేమిటని అడిగారు. అక్కడ ప్రశాంతంగా ఉందని చెప్పాను.

ఆయన ప్రశాంతతను నమ్మలేదు. ఓడలరేవులో సముద్రపు కోత మీద ప్రత్యేక కథనం కావాలన్నారు. ఆ దారి సముద్రం దగ్గర ఆగిపోతుంది. వెళ్లాను. ఇసుక మొదలయ్యే చోట ఇంకా ముందుకు పోనిస్తూ, ఎక్కడైనా గుండ్రంగా తిప్పే జాగా ఉంటుందేమోనని చూస్తుంటే, వల బాగుచేసుకుంటున్న ఒకాయన లేచి వచ్చాడు.

“సార్, ఆ పైన సముద్రవేనండి.”

రివర్స్ లేదని చెప్పక తప్పలేదు. ఆయన నా వైపు, బండి వైపు, సముద్రం వైపు వరుసగా చూసి, మిగతావాళ్లను కేకేశాడు. పడవను ఒడ్డుకు లాగినట్టే, ఐలేసా అంటూ కారును ఇసుకలో అర్ధచంద్రాకారంగా తిప్పేశారు. “పడవక్కూడా ఎనక్కెళ్లే యోగం ఉందండి” అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. వాళ్లలో ఒకాయన నన్ను గుర్తుపట్టి, గేదె గురించి రాసింది మీరే కదా అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మొదటిసారి సిగ్గుపడ్డాను.

ఇక దాచలేనని అర్థమైంది. మరుసటి ఉదయం నేరుగా షోరూంకు బయల్దేరాను. కల్వర్టు సగం దాటేసరికి ఎదురుగా ఇంకో కారు. బానెట్ మీద స్వస్తిక్, దండ. దాని వెనక నలిగిన నిమ్మకాయలు. నడుపుతున్నది ఒక పెద్దావిడ. రెండు బంపర్ల మధ్య జానెడు సందు మిగిలింది.

సత్తిబాబు పరుగున వచ్చాడు. అలవాటు కొద్దీ నాకే చెప్పాడు.

“సార్, కాస్త వెనక్కి తియ్యండి. అమ్మగారిది ముహూర్తం బండి.”

“నాదీ ముహూర్తం బండే కదండీ. పక్షం ఇంకా దాటలేదు” అన్నాను.

అతను ఆవిడ వైపు తిరిగాడు. ఆవిడ రాజోలు దగ్గర హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన అన్నపూర్ణ గారు. రిటైరయ్యాకే డ్రైవింగ్ నేర్చుకున్నారట. కిటికీ దించి, “మీరే కదండీ ఇప్పుడే చెప్పేరు, వెనక్కి తియ్యొద్దని?” అన్నారు. “అయిదు నిమిషాల్లో ఆచారం మారిపోయిందా?”

సత్తిబాబు దక్షిణ తాంబూలంతో నిలబడి ఉన్న పంతులు గారి వైపు చూశాడు. శాస్త్రం ఏమంటుందో చెప్పమన్నాడు.

“శాస్త్రంలో కారు లేదండీ” అన్నారు పంతులు గారు. “నిమ్మకాయల వరకూ నాది. పక్షం సంగతి సత్తిబాబు గారిది.”

అన్నపూర్ణ గారు నన్ను చూశారు. తప్పు చేసిన పిల్లవాడు తనంతట తానే చెప్పేదాకా ఆగే చూపు అది. చెప్పేశాను. ఇది వెనక్కి నడవదండీ, మీరు మీ బండికి రివర్స్ వేసి చూశారా అని కూడా అడిగాను. నేను కొన్న రోజే నా నోట రావలసిన ప్రశ్న అది.

ఆవిడ వెంటనే రివర్స్ వేశారు. బండి గంభీరంగా వెనక్కి వెళ్లి, నిమ్మతొక్కల మీదుగా మళ్లీ దొర్లి, పీచుగుట్ట పక్కన ఆగింది. ఆవిడ దిగి, తాళం చెవి పిడికిట్లో పెట్టుకుని, “నాది నడిచిందండీ. ఇప్పుడు ఆయనది నడిపి చూపించండి. అప్పుడే నేను తీసుకెళ్తాను” అన్నారు.

నేను బండిని లోపలికి తెచ్చి దిగాను. సత్తిబాబు ఎక్కాడు. ఇంజను గుర్రుమంది. మళ్లీ గుర్రుమంది. అతను వెనకున్న మెకానిక్కులకు కంటితో సైగ చేస్తే, ఇద్దరు వచ్చి బానెట్ తుడుస్తున్నట్టు నిలబడి మెల్లగా తోయసాగారు.

“తోస్తే బోండాల బండి కూడా వెనక్కెళ్తుందండీ” అన్నారు అన్నపూర్ణ గారు.

చూడవచ్చిన ఇంకో ఇద్దరు బేరగాళ్లు నవ్వి, తాము ఎంచుకున్న కార్ల దగ్గరికి వెళ్లి రివర్స్ వేసి చూపించమన్నారు. సత్తిబాబు ఇస్త్రీ చొక్కా ఆ రోజు మొదటిసారి చెమటకు తడవడం చూశాను. గేర్‌బాక్స్ మార్చి ఇస్తానని అక్కడే, అందరి ముందూ ఒప్పుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ ఆవిడ గోడ మీది ఫ్రేము చదివి, మళ్లీ నా దగ్గరికి వచ్చారు. “ఇందులో అన్నీ రాసేరు, రివర్స్ రాయలేదేంటండీ? వచ్చే బుధవారం మీరు రాస్తారా, నన్ను పాఠకుల ఉత్తరం రాయమంటారా?”

నేనే రాశాను. ఆరోపణ ఉన్న ఏ వార్తకైనా అవతలివాళ్ల వివరణ జోడించడం మా నియమం. షోరూం పేరు వేయకపోయినా సత్తిబాబును వివరణ అడిగాను. “ఆయ్” అన్నాడు. అదే వేశాను. మూర్తి గారికి షరతు గుర్తుచేసి, శీర్షిక ఎత్తేస్తారా అని అడిగాను. ఆయన చాలాసేపు నవ్వి, చివరి ఊళ్ల ప్రశాంతత ఇప్పుడు అర్థమైందన్నారు. నేను రిటైరయ్యేదాకా శీర్షిక నడిచింది.

బండి కొన్ని వారాల తర్వాత తిరిగి వచ్చింది. రివర్స్ పనిచేసింది. అయితే జరిగినదానికి ప్రాయశ్చిత్తంగా సత్తిబాబు తన ఖర్చుతో ఒక రివర్స్ హారన్ బిగించాడు. వెనక్కి తీసినప్పుడల్లా అది పెళ్లిమేళం వాయిస్తుంది. దాన్ని ఎలా ఆపాలో ఇప్పటికీ ఏ మెకానిక్కూ కనిపెట్టలేదు. షోరూం గోడ మీద పాత ఫ్రేము కింద కొత్త వ్యాసం కూడా ఫ్రేము కట్టించాడని, దానికీ దండ వేస్తున్నాడని తర్వాత తెలిసింది.

ఎదుటివాళ్లు చూపించినదాన్ని నిశితంగా చూడటం విలేకరి పనిలో సగమే. వాళ్లు చూపించని వైపు ఏముందో అడగడం మిగతా సగం. పాత కారు కొనేటప్పుడు ఆ రెండో సగం ముందు చేయాలి, నిమ్మకాయలు తర్వాత పెట్టాలి.