మునిగినవాళ్ళకే గ్లాసు

మా సంఘంలో పరలోకానికి గేటు దగ్గర కాపలా ఎవరయ్యా అంటే పేతురు కాదు, జాన్ గణేశ్వరరావుగారు. నర్సీపట్నంలో పెదబొడ్డేపల్లి దారిలో బోరు మోటార్లకి వైండింగు చేసే షాపు ఆయనది. బాప్తిస్మం పుచ్చుకున్న రోజున పేరుకి ముందు జాన్ వచ్చి చేరింది. వెనకున్న గణేశ్వరుడు మాత్రం ఆధార్ కార్డు పట్టుకుని కదలనన్నాడు. ఇద్దరూ ఆయనలో సర్దుకుని కాపురం చేస్తున్నారు, మాకేం అభ్యంతరం లేదు.

షాపు షట్టరు మీద ఎర్ర పెయింటుతో ‘యేసు రక్తమే జయం’ అని రాయించారు. బండి కిక్కు కొట్టేముందు రక్తం జయం. కాలిపోయిన మోటారు విప్పేముందు రక్తం జయం. బల్లి మీద పడినా, కరెంటు పోయినా, అల్లుడు ఫోన్ చేసినా అదే మాట. ఇంత రక్తం మాట్లాడే మనిషికి అసలు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఒకసారి నా కళ్ళతో నేనే చూశాను. రాగి తీగ గీరుకుని వేలి చివర చుక్క కనపడేసరికి కుర్చీలో కూలబడి సోడా తెప్పించుకున్నారు.

రక్తం ఆయన భక్తి అయితే, నీళ్ళు ఆయన అధికారం. తాండవ కాలువకి నీళ్ళు వదిలాక నాతవరం దగ్గర మా సంఘం బాప్తిస్మాలు జరుగుతాయి. మా పాస్టరు చిట్టిరాజుగారు నడుం లోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్కరినీ ముంచుతారు. గణేశ్వరరావుగారు గొడుగు పట్టుకుని ఒడ్డున నిలబడి తనిఖీ చేస్తారు. జడ తేలినా, మడమ పైకి లేచినా ‘అయ్యగారూ, ఇంకోసారి’ అని కేక. పాపం ఒకామెని జడ కోసం ముంచి ముంచి, పాత జీవితంతోపాటు కొత్తది కూడా అక్కడే అయిపోయేలా చేశారు.

మరి ఆయన బాప్తిస్మం మాటేమిటి? చెప్పకుండా ఎలా ఉంటాను! ఆ ఏడు కాలువలో నీళ్ళు మోకాలి లోతే. చిట్టిరాజుగారేమో బక్కమనిషి. గణేశ్వరరావుగారిని వెల్లకిలా ముంచితే తల మునిగింది, కాళ్ళు మునిగాయి, పొట్ట మాత్రం పైనే ఉండిపోయింది. అయ్యగారు అరచేత్తో నొక్కారు. అది మునిగేలోగా తల పైకొచ్చింది. ఒడ్డున ఉన్నవాళ్ళం కొంగులూ తువ్వాళ్ళూ నోటికి అడ్డం పెట్టుకున్నాం. అయ్యగారు కాసేపు చూసి ‘ఆమేన్’ అనేసి చెయ్యిచ్చి లేపారు. ఆ సంగతి తరవాత ఎవరం ఎత్తలేదు. మందిరం కట్టిన స్థలం గణేశ్వరరావుగారిది, బోరు ఆయనదే, మోటారూ ఆయనదే.

రాజులమ్మకి స్థలమూ లేదు, మోటారూ లేదు. ఏజెన్సీ కొండల నుంచి దిగి వచ్చిన మనిషి. సంతలో కొండచీపుర్లూ అడ్డాకులూ అమ్ముకుంటుంది. చిన్నప్పుడు కొండమీద వాళ్ళ ఊళ్ళో, నడివేసవిలో, ఆడవాళ్ళు ఊట నుంచి మోసుకొచ్చిన బిందెలోంచి దోసెడు నీళ్ళు తీసి నెత్తిన చిలకరించి బాప్తిస్మం ఇచ్చారట. తాగడానికే కరువైన చోట ముంచడానికి ఎక్కడ తెస్తారు? గణేశ్వరరావుగారు అది చెల్లదన్నారు. చిలకరిస్తే కొత్తిమీర బతుకుతుంది గాని ఆత్మ బతకదన్నారు. కాలువలో మళ్ళీ మునిగితే గాని ప్రభువు బల్లలో పాలు లేదన్నారు.

మునగాలంటే ఆమెకి ప్రాణం మీదికి వస్తుంది. వానల్లో పొంగిన గెడ్డ దాటుతూ మొగుడు ఆమె కళ్ళముందే కొట్టుకుపోయాడు. అప్పటినుంచి మోకాలు దాటి నీళ్ళలో దిగదు. ఆ మాట చెప్పుకుని దణ్ణం పెట్టింది కూడా. రూలు రూలే అన్నారు పెద్దమనిషి. చిట్టిరాజుగారు తల దించుకుని బైబిల్లో ఏదో వెతుక్కున్నారు.

మా దగ్గర నెలకి ఒక ఆదివారం, ప్రభువు కడపటి భోజనాన్ని తలుచుకుంటూ, ఈ బల్ల. పాస్టరమ్మగారు నల్లద్రాక్షలు ఉడకబెట్టి, వడగట్టి, ఆ రసం చిన్న చిన్న గ్లాసుల్లో పోస్తారు. క్రీస్తు రక్తానికి గుర్తు అది. ట్రే మోసేది మాత్రం గణేశ్వరరావుగారే. ఆడవాళ్ళ వరసలో చివరి చాపమీద రాజులమ్మ కూర్చుంటుంది. అక్కడికొచ్చేసరికి ట్రే కాస్త పైకి లేచి, ఆమె నెత్తిమీదుగా పక్కామెకి వెళ్ళిపోతుంది. అయినా ఆమె ప్రతిసారీ కుళాయి దగ్గర చేతులు కడుక్కుని మరీ వచ్చి కూర్చునేది. ఒకరోజు నాతో అంది.

“సచ్చేలోగా ఒక్కపాలి ఆ గలాసు నా సేతికొస్తే సాలమ్మా.”

ఇంటికెళ్ళాక గణేశ్వరరావుగారిని మా వంటింట్లో చెడామడా తిట్టాను. వంటింట్లో తిడితే ఎవరికి వినపడుతుంది.

ఇలా ఉండగా ఆయన కూతురు పుష్పవతికి కాన్పు వచ్చింది. బిడ్డ క్షేమంగానే పుట్టింది గాని తల్లికి రక్తం ఆగలేదు. ఆమెది అరుదుగా దొరికే నెగెటివ్ గ్రూపు. ఆసుపత్రిలో ఉన్న ఒక్క సీసా ఎక్కించేశారు. విశాఖపట్నం నుంచి వచ్చేలోగా ఇంకొకటి కావాలి, ఎవరినైనా తీసుకురండి అన్నారు డాక్టరుగారు. గణేశ్వరరావుగారు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అబ్బో, ఏం స్పందన! దండాల బొమ్మలు, ఆమేన్‌లు, ‘రక్తం జయం బ్రదర్’లు. వచ్చినవాళ్ళే లేరు. ఒకాయనకి సుగరు. ఒకాయన ఉపవాస ప్రార్థనలో ఉన్నారు. కూటాల్లో అందరికన్నా ఎత్తు ఎగిరే ఇంకొకాయన ఫోనే కట్టేశారు. నేను వెళ్ళాను, నాది కలవలేదు. గణేశ్వరరావుగారిది చూద్దామని నర్సు సూది తీస్తే ఆయన గోడ పట్టుకుని కిందికి జారిపోయారు. ఆయనదీ ఆ గ్రూపు కాదని తరవాత తేలింది.

సంతకెళ్ళి రాజులమ్మతో చెప్పింది నేనే. లోగడ వాళ్ళ ఊరి పిల్లకి ఇచ్చినప్పుడు తనదీ ఆ గ్రూపేనని చెప్పారట. చీపుర్లు పక్కామెకి అప్పగించి నాతో వచ్చేసింది. పరీక్ష చేస్తే కలిసింది. అప్పుడు రక్తం తీసే గది గుమ్మం దగ్గర నిలబడి గణేశ్వరరావుగారిని అడిగింది.

“బాబూ, నాను మునగనేదు గదా. నా రగతం మీ పాపకి సెల్లుతాదా?”

ఆ గొంతులో వెక్కిరింపేమీ లేదు. నిజంగానే అడిగింది. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

“సెల్లుతాదమ్మా. బేగి రా.”

ఆయన నోట ఆమెకి ‘అమ్మా’ అన్న పిలుపు అదే మొదలు. రాజులమ్మ ఇవ్వాల్సింది ఇచ్చి, వాళ్ళిచ్చిన బిస్కట్లు కొంగున కట్టుకుని సంతకి వెళ్ళిపోయింది. పుష్పవతి బతికింది.

ఆ వచ్చే ఆదివారం గణేశ్వరరావుగారు సాక్ష్యం చెప్పారు. యేసు రక్తమే నా కూతుర్ని లేపింది అని మైకు అదిరేలా అరిచారు. అది ఏ ఒంట్లోంచి వచ్చిందో మాత్రం చెప్పలేదు.

నెల తిరిగి బిడ్డనెత్తుకుని పుష్పవతి మందిరానికి వచ్చింది. ఆ రోజు బల్ల. వచ్చి తిన్నగా రాజులమ్మ చాపమీదే, ఆమె పక్కన కూర్చుంది. గణేశ్వరరావుగారు ట్రే పట్టుకుని వరస వెంట వచ్చారు. కూతురికి గ్లాసు ఇచ్చారు. రాజులమ్మ ముందు ఒక్క క్షణం ఆగారు. మేమంతా పాట ఆపేసి చూస్తున్నాం. ట్రే లేచింది, ఆమె నెత్తిమీదుగా వెళ్ళబోయింది.

“నాన్నా, నా గ్లాసు కూడా తీసుకుపో,” అంది పుష్పవతి. “నా ఒంట్లో ఉన్నది ఈవిడ రక్తం. ఈవిడకి సెల్లకపోతే నాకూ సెల్లదు.”

ఆయన నసిగారు. రక్తం వేరు, నీళ్ళు వేరు, రూలంటూ ఒకటుంది కదా తల్లీ అని గొణిగారు. సాయానికి చిట్టిరాజుగారి వైపు చూశారు. ఇన్నేళ్ళూ తల దించుకున్న అయ్యగారు ఆ రోజు దించుకోలేదు. మైకు దగ్గరికి లాక్కున్నారు.

“పుచ్చుకో రాజులమ్మా. కాలవలో ఈయన పొట్ట మునక్కపోయినా ఆమేన్ అన్నోణ్ణి, నీకు అనలేనా?”

మందిరంలో ఒక్కరు నవ్వితే ఒట్టు. గణేశ్వరరావుగారి ఒక చెయ్యి ట్రే కింద ఉంది, రెండోది దానంతటదే పొట్టమీదికి వెళ్ళింది. పుష్పవతి తన గ్లాసు రాజులమ్మ చేతిలో పెట్టింది. రాజులమ్మ కళ్ళు మూసుకుని తాగింది. ఖాళీ గ్లాసు తిరిగి పెడదామని చెయ్యి చాపింది. గణేశ్వరరావుగారు అలవాటు కొద్దీ ట్రే పైకెత్తబోయి, ఆగి, ఆమెకి అందేలా కిందికి దించారు.