అమ్మమ్మకు చదివి వినిపించిన కాగితం

నాలుగేళ్ళుగా నేను ఒక్క మాటను మోస్తున్నాను. పళ్ళు తోముకునేటప్పుడు ఉంటుంది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినప్పుడు కూడా ఉంటుంది. చిన్నప్పటి నుంచి డైరీ రాస్తున్నదాన్ని. అమ్మ మీద కోపాలు, చదివిన పుస్తకాలు, తలనొప్పులు, అన్నీ అందులో ఉన్నాయి. ఈ మాట లేదు. ఆ రోజు పేజీలో "సాయంత్రం వాన. కరెంటు పోయింది" అని మాత్రం ఉంది. డైరీ దగ్గర కూడా దాచిన దాన్ని ఎవరికి చెప్పగలను? మీరెవరో నాకు తెలియదు. నా ముఖం మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలనేమో అనిపిస్తోంది.

మేం చిక్కడపల్లిలో, మార్కెట్ వెనక సందులో, మేడ మీద వాటాలో ఉంటాం. అమ్మ, నేను, అమ్మమ్మ, మావయ్య. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మావయ్య అమ్మకు తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "పిల్లను చూట్టానికి పోయి వాళ్ళ దొడ్లో గొడ్లను చూసొచ్చేవాణ్ణి. పిల్లకే కోపమొచ్చింది" అనేవాడు. ఒంగోలు పక్క పల్లెలో పుట్టి, పశువైద్యంలో చిన్న కోర్సు చేసి, ఉద్యోగం కోసం ఈ ఊరు వచ్చాడు. అప్పటి నుంచి పశువుల ఆసుపత్రిలో డాక్టర్ల పక్కన నిలబడి కుక్కల మూతులు కట్టి పట్టుకోవడం, సూదులు వేయడం. ఎద్దుల మధ్య పుట్టిన మనిషి.

ఆదివారం నన్ను వెంటబెట్టుకుని నారాయణగూడ మీదుగా పాత పుస్తకాల బజారుకు నడిచేవాడు. దారిలో రోడ్డుకు అడ్డంగా ఆబోతు పడుకుని ఉంటే ఆగిపోయేవాడు. ఆటోవాళ్ళు హారన్లు కొడుతుంటే, ఆయన దాని నుదుటి మీద సుడి ఎక్కడుందో వెతికేవాడు. "మూపురం చూడు. గంగడోలు ఎట్టా జారిందో చూడు. వీడి తాత మా జిల్లావాడే అమ్మలూ, పందెం." నాకు సిగ్గుతో చెవులు వేడెక్కేవి. కానీ అలాగే నిలబడేదాన్ని. కొట్టువాణ్ణి చిల్లర అడగడానికి కూడా నోరు పెగలని మనిషిని నేను. కాలేజీలో నా పేరు తెలిసినవాళ్ళు ముగ్గురో నలుగురో. అశోక్‌నగర్ లైబ్రరీలో పోటీ పరీక్షలవాళ్ళ మధ్య కూర్చుని నవలలు చదువుకుని ఇంటికి వచ్చేదాన్ని. ఆ నవలల గురించి నేను గడగడా మాట్లాడేది ఒక్క మావయ్యతోనే. ఆయన వాటిలో ఒక్కటీ చదవలేదు. అయినా "అయితే ఆ పిల్ల చివరికి ఉత్తరం రాసిందా, లేదా?" అని మర్నాడు గుర్తుపెట్టుకుని అడిగేవాడు.

ఇదంతా ముందు చెప్పడం ఎందుకు? సానుభూతి కోసమా? కొంత అంతేనేమో.

2010లో మావయ్య స్నేహితుడు యాదగిరి గారు ఒక ప్రతిపాదన తెచ్చారు. ఆయనకు ముషీరాబాద్‌లో పశువుల దాణా వ్యాపారం, షాద్‌నగర్ అవతల కొంత భూమి ఉన్నాయి. ఆ భూమిలో మేలుజాతి ఒంగోలు మందను పెంచాలని ఆలోచన. మామూలు మంద కాదు. ప్రతి దూడకూ తల్లి ఎవరు, తండ్రి ఎవరు, వాటి తల్లిదండ్రులు ఎవరు అని మూడు తరాలు కాగితం మీద ఉండాలి. అలాంటి మంద తయారైతే ఒప్పందానికి ఒక విదేశీ కంపెనీ సిద్ధంగా ఉంది. ఆ దేశంలో మన ఒంగోలు జాతిని మాంసం కోసం పెంచుతారట. భూమి యాదగిరి గారిది. పశువుల ఎంపిక, పెంపకం మావయ్యవి. పెట్టుబడికి ఊళ్ళో అమ్మమ్మ పేరున మిగిలిన చేను అమ్మాలి. మావయ్య ఉద్యోగం మానేసి అక్కడే ఉండాలి.

నెల రోజులు మావయ్య నిద్ర సరిగా పోలేదు. మాంసం అన్న మాట ఆయన గొంతులో ముల్లులా దిగింది. యాదగిరి గారు మా వరండాలో కూర్చుని ఎగతాళి చేసేవారు. "ఏందన్నా, గింత సోంచాయిస్తున్నవ్? నీకేమన్న సంబంధం తెచ్చిన్నా నేను? మందలకు రమ్మంటున్న, మనువాడమంటలేను."

"అడిగేది మాంసానికి కదా యాదగిరీ."

"గా దేశంల వాళ్ళు ఏం తింటరో మనకెందుకే? మన కాడ ఒక్క జీవాన్ని గూడ ముట్టరు. కంపెనీ ఏజెంటు ముఖం మీద జెప్పిండు."

"నోటి మాట కాదు. కాగితం చూడాలి."

కాగితం వచ్చింది. ఇంగ్లీషులో, ఆరు పేజీలు. మావయ్య నా నిఘంటువు పక్కన పెట్టుకుని వారం రోజులు దానితో కుస్తీ పట్టాడు. పెన్సిల్‌తో మాటల మీద సన్నటి అక్షరాలతో తెలుగు అర్థాలు రాసుకున్నాడు. ఒకరోజు నాతో, "నాకర్థమైన కాడికి, ప్రాణంతో ఉన్న పశువు ఒక్కటీ పోదు. విత్తనమే పోయేది. అక్కడ పుట్టేవాటి సంగతి మన చేతుల్లో ఉండదు. అదీ తప్పేనేమో, అది నేను మోస్తాను. నా చేత్తో గడ్డి తిన్నదాన్ని మాత్రం కోతకు పంపలేను" అన్నాడు. కాగితం నా చేతికిచ్చి, "చివరి పేజీ నాకు అంతుపట్టలేదు. మా అమ్మకు నువ్వే చదివి చెప్పు. ఏదీ దాచొద్దు. మాంసం సంగతి కూడా చెప్పు. ఆమె ఒప్పుకుంటేనే" అన్నాడు.

మా ఇంట్లో అదొక పద్ధతి. ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా, బ్యాంకు ఉత్తరమైనా, మందు సీసాతో వచ్చిన చీటీ అయినా, నేను అమ్మమ్మకు తెలుగులో చదివి వినిపించాలి. ఆమె కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకుని మొత్తం వింటుంది. చివర ఒక్క ప్రశ్న వేస్తుంది. దానికి వచ్చిన జవాబును బట్టే అవునో కాదో తేలుతుంది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అందరం కూర్చున్నాం. నేను చదవడం మొదలుపెట్టాను. మాంసం సంగతి దాచలేదు. అమ్మమ్మ ముఖం ముడుచుకుంది. తర్వాతి పేజీల్లో అన్నీ నాకు నోట రాని మాటలు. వీర్యం, గర్భం, పిండం. మావయ్య ముందు, అమ్మ ముందు ఆ మాటలు పలకలేక అన్నిటికీ "విత్తనం" అనే చెప్పుకుంటూ పోయాను. అమ్మమ్మ ఒక కన్ను తెరిచింది.

"ఆవు విత్తనమేందే? వడ్లగింజలా చల్లుతారా?"

మావయ్య పగలబడి నవ్వాడు. అమ్మ కుట్టుమిషను మీద తల పెట్టి నవ్వింది. నేనూ నవ్వాను. అంతా నవ్వుతూ ఉండగా నేను మావయ్య ముఖం చూశాను. ఆ ముఖంలో ఎప్పుడూ చూడని వెలుగు ఒకటి ఉంది. ఈయన వెళ్ళిపోతాడు, అనుకున్నాను. నిజంగానే వెళ్ళిపోతాడు.

చదవడం అయిపోయింది. అమ్మమ్మ కళ్ళు మూసుకునే అడిగింది.

"ఒకటే చెప్పు. మన దొడ్లో పెరిగిన గొడ్డు, ప్రాణంతో ఉన్నది, కోతకు పోద్దా, పోదా?"

కాగితం నా ఒళ్ళో ఉంది. మూడో పేజీలో ఆ వాక్యం ఉంది. దాని మీద పెన్సిల్‌తో మావయ్య చేతిరాత: "ప్రాణమున్న పశువులను కొనరు." నేను దాన్ని చూస్తూనే అన్నాను.

"పోతాయి అమ్మమ్మా."

మావయ్య నవ్వు ఆగింది. "అట్టా ఉందా? నేను ఇంకో రకంగా చదివానే."

"చివరి పేజీలో ఇంకో షరతు ఉంది మావయ్యా. కావాలంటే పశువులను కూడా తీసుకోవచ్చని."

ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. కాగితం అడుగుతాడేమో అనుకున్నాను. అడగాలని కూడా అనుకున్నాను, నిజం. అడిగి ఉంటే దొరికిపోయేదాన్ని. ఆయన అడగలేదు.

"నువ్వు చదివావు కదా. అయితే అంతే," అన్నాడు. తర్వాత ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు, "ఎంత పని చేయబోయానే అమ్మా" అన్నాడు.

అమ్మమ్మ కాళ్ళు ముడుచుకుని లేచింది. అయిపోయింది.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్నకు నాలుగేళ్ళలో చాలా జవాబులు తయారుచేసుకున్నాను. అసలు మాటలు పలకడానికి సిగ్గుపడి తడబడ్డాను అనుకున్నాను కొన్నాళ్ళు. అది కాదు. "పోదు" అనడానికి ఏ సిగ్గూ అడ్డం రాదు. ఇక్కడ కాకపోతే అక్కడైనా కోతే కదా, ఆ పాపం నుంచి ఇంటివాళ్ళను తప్పించాను అనుకున్నాను ఇంకొన్నాళ్ళు. ఆ జవాబు చాలా కాలం నిలబడింది, ఎందుకంటే వినడానికి గొప్పగా ఉంటుంది, అమ్మమ్మ పూజగదిలో పెట్టినా ఒప్పేలా ఉంటుంది. కానీ ఆ క్షణంలో నా మనసులో ఆవు లేదు. ఎద్దు లేదు. ఆదివారాలు ఉన్నాయి. సాయంత్రం ఇంటికి వచ్చి చదివిన కథ చెప్పడానికి ఎవరూ లేని వరండా ఉంది. నా కోసం ఆయన్ని కుక్కల దగ్గరే కట్టేశాను. ఇంత స్వార్థాన్ని దయ అని పిలుచుకోవడం ఎక్కడ నేర్చుకున్నాను నేను?

యాదగిరి గారు వచ్చి గట్టిగానే తిట్టిపోయారు. "ఏజెంటుకు ఫోన్ జేసి అడుగుదాం రావే" అంటే మావయ్య కదల్లేదు. "నీకు కుక్కలకు సూదులేసుడే రాసిపెట్టుందన్నా, పో" అని మెట్లు దిగి వెళ్ళి, ఇంకొకరితో కలిసి మంద పెట్టుకున్నారు. మావయ్య మామూలుగా డ్యూటీకి వెళ్ళాడు. ఆదివారాలు మామూలుగా నడిచాం. నాకు కావలసింది నాకు దొరికింది.

కానీ నేను అనుకోనిది ఇంకొకటి జరిగింది. కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం మావయ్య ఒక టీకా మందు డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. "ఎంత మోతాదో ఒకసారి చూడు అమ్మలూ." ఆ డబ్బా మీది అక్షరాలను ఆయన ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాడు. నా కంటే బాగా తెలుసు. నేను చదివి చెప్పాను. ఆయనకు తెలిసిందే చెప్పాను. "అదే, నేనూ అదే అనుకున్నా. అయినా నా చదువు మీద నమ్మకం లేదులే" అని నవ్వాడు. తర్వాత ఆఫీసు సర్క్యులర్లు. తర్వాత బస్సు బోర్డులు కూడా, "నూట పదమూడేనా అది?" అని. మనిషి చేతిలోంచి మంద పోతే మంద ఒక్కటే పోయినట్టు. ఆయన కళ్ళ మీద ఆయనకున్న నమ్మకాన్ని కూడా నేను తీసుకున్నానని నాకు అప్పుడు తెలిసింది. తెలిసి కూడా ప్రతిసారీ చదివి చెప్పాను. చెప్పినప్పుడల్లా మంచి పిల్లనని పేరు తెచ్చుకున్నాను.

ఇప్పుడు నాకు ఇరవై నాలుగు. ఇంగ్లీషు నోట్సును తెలుగులోకి రాసిపెట్టే పని చేస్తున్నాను, అశోక్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌కు. నా అనువాదంలో తప్పులుండవని అక్కడ పేరు.

పోయిన వారం యాదగిరి గారు వచ్చారు, కూతురి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి. పాత కోపం లేదు. మావయ్య మంద గురించి అడిగాడు, నాలుగేళ్ళలో మొదటిసారి. ఆయన ఉత్సాహంగా చెప్పుకుపోయారు, ఏ కోడెకు ఏ బహుమతి వచ్చిందో, ఏ ఆవు ఎన్ని ఈతలు ఈనిందో. చివర్లో, "ఒట్టు అన్నా, గీ నాలుగేండ్లల ఒక్క జీవం గూడ గేటు దాటలే. నువ్వే ఉత్తగ పరేషానైనవ్" అన్నారు.

నేను వంటింటి గుమ్మంలో టీ కప్పులతో నిలబడి ఉన్నాను. ఇప్పుడు అనుమానపడతాడు. ఇప్పుడు నా వైపు చూస్తాడు.

మావయ్య నా వైపు చూడలేదు. "మాకిచ్చిన కాగితంలో అట్టా లేదు యాదగిరీ. మా అమ్మాయి చదివింది కదా, చివరి పేజీలో ఉంది. తర్వాత మార్చుంటారు," అన్నాడు. మళ్ళీ అన్నాడు, "చదవడంలో దానికి తప్పు పోదు."

టీ ఇచ్చాను. ఇద్దరూ తాగారు. యాదగిరి గారు పంచదార ఎక్కువైందని నవ్వారు.

ఆ రోజు నుంచి ఇది రాయాలని కూర్చుంటున్నాను, చింపేస్తున్నాను. మావయ్యకు చెబుతానో లేదో తెలియదు. చెబితే ఆయన నన్ను క్షమిస్తాడు, అది నాకు ఖాయంగా తెలుసు. అడిగీ అడగకముందే క్షమించి, అన్నం తిన్నావా అని అడుగుతాడు. దానికే భయం. ఆ క్షమను నేను ఎక్కడ పెట్టుకోను? నమ్మకం పోగొట్టుకున్న కళ్ళను తిరిగి ఎలా ఇవ్వను? మీరు నన్ను ఏమనుకున్నా సరే, నా తరఫున ఏ సాకూ వెతకకండి. వెతకగలిగినవన్నీ నేను వెతికాను.

చివరి పేజీలో అలాంటి షరతేదీ లేదు. డబ్బు చెల్లింపు నిబంధనలు, కింద సంతకానికి చోటు మాత్రం ఉన్నాయి. మావయ్య సరిగ్గానే చదివాడు.

రాశాను. ఈసారి చింపలేదు.