హారన్ కొట్టానుగా!

ఆ రోజుల్లో డ్రైవింగ్ అంటే నాకు స్టీరింగూ హారనూ, అంతే. బ్రేకు పిరికివాళ్ళ కోసం పెట్టారనుకునేవాణ్ణి. ఘాట్ రోడ్డు మీద అద్దె అంబాసిడర్‌లో నాకు డ్రైవింగ్ నేర్పిన మా మేనమామ "మలుపు రాగానే హారన్ కొట్టరా, ఆపైన ఎదుటివాడి ఖర్మ" అని శాస్త్రమంతా ఒక్క ముక్కలో చెప్పేశాడు. ఆ చదువుతోనే సముద్రాలు దాటి ట్రాయ్ అనే ఊరొచ్చి ఓ కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేరాను. (బ్రేకులు డిజైన్ చేసే విభాగంలో. నవ్వకండి.)

ఆఫీసు దారిలో ఓ మలుపు ముందు 'హిడెన్ డ్రైవ్‌వే' అని పసుపుపచ్చ బోర్డు ఉండేది. చెట్ల చాటున ఇల్లుంది, అక్కణ్ణుంచి కారు రోడ్డెక్కితే మీకు కనబడదు, మెల్లగా వెళ్ళండి అని దానర్థం. నేను బోర్డు దగ్గర మొదలుపెట్టి మలుపు దాటేదాకా హారన్ మీంచి చెయ్యి తీసేవాణ్ణి కాదు, వేగం వీసమెత్తు తగ్గించేవాణ్ణి కాదు. అంత మోత విన్నాక కూడా అడ్డొస్తే తప్పు వాళ్ళదేనని నా ధీమా. ఆ ఇంటి పెద్దావిడ రోజూ పొద్దున్నే రోడ్డు పక్కన పోస్టు డబ్బా దగ్గర నిలబడి, అరచెయ్యి కిందికి తిప్పి ఆడించేది. దీవిస్తోందనుకుని నేనూ తల వంచి నమస్కరించేవాణ్ణి. (స్టీరింగ్ సంగతి అడక్కండి.) మా ఆవిడ రోడ్ టెస్ట్ మొదటిసారికే పాసైంది, నేను మూడోసారికి. అయినా "నీకు ధైర్యం చాలదు" అని కారు ఆవిడ చేతికిచ్చేవాణ్ణి కాదు.

అప్పుడు మా ఆవిడకి ఏడో నెల. డాక్టరు దగ్గరికి తీసుకెళుతున్నాను. ఆకులు రాలే కాలం, రోడ్డంతా తడి.

"ఏమండీ, కొంచెం స్లో చేయండి."

"హారన్ కొడుతున్నాగా!"

మలుపు తిరిగేసరికి పెద్దావిడ పొడుగాటి కారు సగం రోడ్డు మీదికి వచ్చేసి ఉంది. బ్రేకు మీద నేను అంత భక్తిగా కాలు పెట్టడం అదే మొదలు. కారు తడి ఆకుల మీద జారి, పోస్టు డబ్బాని పడగొట్టి ఆగింది. మా ఆవిడ రెండు చేతులూ పొట్టకి అడ్డం పెట్టుకుని బిగుసుకుపోయింది. పొట్ట తడిమి చూసుకుని "కదులుతోంది" అంది.

ఇంతలో పెద్దావిడ కారు దిగి వచ్చింది. నా నోట మొదట వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "హారన్ కొట్టానుగా!"

"విన్నాను. విని ఏం చెయ్యాలి? కారు మడిచి జేబులో పెట్టుకోవాలా?" అందావిడ ఇంగ్లీషులో. "మెల్లగా వెళ్ళమని నెలల తరబడి చెయ్యి ఊపుతున్నాను. నువ్వేమో తల ఊపి పోతున్నావు."

మా ఆవిడ దిగి, పెద్దావిడకి సారీ చెప్పి, నా వైపు తలుపు తెరిచింది. "అటు జరగండి. నేను డ్రైవ్ చేస్తాను." జరిగాను. కాస్త దూరంలో మళ్ళీ అలాంటి బోర్డే వచ్చింది. మా ఆవిడ వేగం తగ్గించింది.

"ఎవరూ రాలేదుగా, ఊరికే స్లో చేశావు" అన్నాను ఉండబట్టలేక.

"మీరు మాట్లాడకండి."

ఇప్పుడు ఇంటికి నలుగురొస్తే చాలు, "నాన్నా, ఆ హారన్ స్టోరీ చెప్పవా" అని మా అమ్మాయే అడుగుతుంది. జేబులో కారు దగ్గర అందరూ పడీపడీ నవ్వుతారు. ఆనాటి మొనగాణ్ణి తలుచుకుని నేనూ నవ్వుతాను. మా ఆవిడ మాత్రం సరిగ్గా అక్కడికొచ్చేసరికి కాఫీ పెడతానంటూ లేచి వెళ్ళిపోతుంది. ఆ రోజు కారులో మేం ముగ్గురం ఉన్నామని అమ్మాయికి నేనింకా చెప్పలేదు.